నా జబ్బు మీదే నా పరిశోధన: నేను తప్పు చోట ఉన్నానా?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. పీహెచ్‌డీ మూడో ఏడు. 19 ఏళ్ళప్పుడు నాకు లూపస్ ఉందని తేలింది, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఇప్పుడు నా పరిశోధన కూడా లూపస్ మీదే. ఈ ల్యాబ్‌లోనే ఎందుకు చేరానో మా గైడ్‌కి తెలియదు, తోటివాళ్ళకీ తెలియదు. పోయిన నెల జబ్బు తిరగబెట్టింది. వైరల్ జ్వరమని చెప్పి పది రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చాక ఒక మీటింగ్‌లో మా సీనియర్ ఎవరి గురించో మాట్లాడుతూ, "తమ జబ్బు మీద తామే పరిశోధన చేసేవాళ్ళ ఫలితాలు నేను నమ్మను" అన్నారు. అప్పటినుంచి ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. ఇంకోటి. మాకు రోగుల రక్తం నమూనాలు తక్కువ పడుతున్నాయి. నా రక్తమే ఇస్తే ఏమవుతుంది అనిపిస్తోంది. కిడ్నీలు దెబ్బతిన్న రోగుల మీద పేపర్లు చదివిన రాత్రి అస్సలు నిద్ర పట్టదు. మా అమ్మేమో "నా కూతురు తన జబ్బుకు తనే మందు కనిపెడుతుంది" అని అందరికీ చెబుతుంది. నేను తప్పు చోట ఉన్నానా?

సమాధానం: తప్పు చోట లేరు. మిగతా జవాబు చెప్పేముందు, మీ ఉత్తరంలో లేని ఒక విషయం అడగాలి. ల్యాబ్‌లో జెల్ చూసే పని, అంటే డీఎన్‌ఏ ముక్కలను విడదీసిన జెల్లీ పలకను చూసే పని, మీరే చేస్తారా? యూవీ ట్రాన్స్‌ఇల్యూమినేటర్ (జెల్‌కు కింది నుంచి అతినీలలోహిత కాంతి వేసే పరికరం) ముందు నిలబడి, అందులో గీతల్లా కనిపించే డీఎన్‌ఏ బ్యాండ్లు కోస్తారా?

లూపస్ ఉన్నవాళ్ళలో చాలామందికి అతినీలలోహిత కాంతి పడదు. ఎండలో తిరగొద్దని మీ డాక్టర్ ఎప్పుడో చెప్పే ఉంటారు, మీరూ జాగ్రత్తగానే ఉంటారు. కానీ ఎండ తగలని గదిలో ఉన్నాం కదా అన్న ధీమాతో ఆ పరికరం ముందు నిలబడితే, అందులోంచి వచ్చేదీ ఆ జాతి కాంతే. పోయిన నెల జబ్బు తిరగబెట్టింది ఇందువల్లేనని నేను అనడం లేదు. మీ డాక్టర్‌తో మాత్రం ఈ మాట ఎత్తండి. ముఖానికి పూర్తి షీల్డ్, మణికట్టు దాకా కప్పే కోటు, గ్లవ్స్ తప్పనిసరి. నీలికాంతితో జెల్ చూసే పరికరాలు ఉన్నాయి, మూసిన పెట్టెలో కెమెరాతో ఫొటో తీసే పద్ధతీ ఉంది, వీలైతే వాటికి మారండి. హుడ్‌లో (నమూనాలతో పనిచేసే గాజు తలుపు పెట్టె) యూవీ దీపం వెలుగుతున్నంతసేపు ఆ దగ్గర పని పెట్టుకోకండి. ఇక మీరు వాడే మందుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్, మైకోఫెనోలేట్, అజథయోప్రిన్ లాంటివి ఉంటే మీకు ఇన్ఫెక్షన్ ముప్పు పక్క బల్ల మీద పనిచేసే మనిషికన్నా ఎక్కువ. రోగుల రక్తంతో పనిచేసే ల్యాబ్‌లో అది చిన్న విషయం కాదు.

జబ్బు చెప్పాలా దాచాలా అన్నప్పుడు అందరం ముందు పరువు గురించి, ఉద్యోగం గురించి ఆలోచిస్తాం. ముందు ఒంటి గురించి ఆలోచించాలని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆరేళ్ళు చిట్టెలుకలతో పనిచేశాను. మూడో ఏడు తుమ్ములు, కళ్ళ దురద మొదలయ్యాయి. తర్వాత రాత్రిళ్ళు పిల్లికూతలు. ఎలుక మూత్రంలో ఉండే ఒక ప్రోటీన్ ఎండి, దుమ్ములో కలిసి, గాలితో పాటు లోపలికి పోతుంది. ఆ పని చేసేవాళ్ళకు వచ్చే ఉబ్బసానికి అది బాగా తెలిసిన కారణమే. తెలిసి కూడా ఎనిమిది నెలలు నోరు విప్పలేదు, ప్రాజెక్టు ఎక్కడ చేజారుతుందోనని. చివరికి చెప్పిన రోజు మా గైడ్ అడిగింది ఒక్కటే: "ఇన్నాళ్ళూ మంచి మాస్కు లేకుండానే పంజరాలు మార్చావా?" వారంలో పని మార్చారు. ఉబ్బసం మాత్రం నాతోనే ఉండిపోయింది. ఆ ఎనిమిది నెలలు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటాయి. అందుకే మీ ఉత్తరం చదవగానే మొదట జెల్ గదే గుర్తొచ్చింది.

ఇక మీ సీనియర్ మాట. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అలాగని మీరు దాన్ని మీకు పడిన శిక్షలా మోయాల్సిన పనీ లేదు. జాన్ డాల్టన్ పేరు స్కూల్లో పరమాణువుల పాఠంలో వినే ఉంటారు. ఆయనకు రంగులు అందరికీ కనిపించినట్టు కనిపించేవి కావు. ఒక జెరేనియం పువ్వు పగటి వెలుగులో నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించేసరికి అనుమానం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళను అడిగారు. తన సోదరుడికి తప్ప ఇంకెవరికీ ఆ తేడా కనిపించలేదు. దాంతో తన చూపునే పరిశోధనగా చేసుకుని 1794లో వ్యాసం చదివారు. వర్ణాంధత్వం గురించి శాస్త్రీయంగా వచ్చిన తొలి వివరణల్లో అదొకటి. తనకు ఏ రంగు ఎలా కనిపిస్తుందో అందులో ఎంతో శ్రద్ధగా రాశారు. కారణం దగ్గర మాత్రం పొరపాటు పడ్డారు. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి, ఎర్ర కాంతిని మింగేస్తోందని నమ్మారు. తాను పోయాక కళ్ళు తీసి చూడమని చెప్పి వెళ్ళారు. 1844లో ఆయన పోయాక తీసి చూస్తే ఆ ద్రవం తేటగా ఉంది. మిగిలిన కన్ను భాగాలను భద్రపరిచారు. 1995లో వాటిలోంచి డీఎన్‌ఏ తీసి పరీక్షిస్తే, పచ్చరంగు వైపు కాంతిని పట్టుకునే వర్ణకం తాలూకు జన్యువు ఆయనకు లేదని తేలింది.

నాకు ఈ కథలో నచ్చేది డాల్టన్ తప్పు కాదు, ఆ కళ్ళు ఇచ్చి వెళ్ళడం. తన ఒంటికి ఏం జరుగుతోందో చెప్పడానికి ఆయనకన్నా మంచి సాక్షి లేరు. ఎందుకు జరుగుతోందో తేల్చే పని వచ్చేసరికి, తన జవాబును ఇంకొకరు తనిఖీ చేసేలా వదిలి వెళ్ళారు. మీరు చేయాల్సిందీ అదే. ప్రశ్న మీ జబ్బులోంచి రావచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జవాబును తేల్చే చోట మాత్రం మీ చేయి ఒక్కటే ఉండకూడదు.

ల్యాబ్ పనిలో దీనర్థం ఏమిటంటే, నమూనాల మీద కోడ్లు ఉండాలి, ఏ కోడ్ రోగిది, ఏది ఆరోగ్యవంతులది అన్న జాబితా మీ దగ్గర కాక ఇంకొకరి దగ్గర ఉండాలి. ఏ లెక్క వేయబోతున్నారో నమూనా ముట్టుకోకముందే రాసి తేదీ వేయండి. ఇంకొక్కటి, ఇది నా అనుభవంతో చెబుతున్నాను: మీరు కోరుకున్న ఫలితం వచ్చిన రోజే దాన్ని వేరేవాళ్ళతో మళ్ళీ చేయించండి. నచ్చని ఫలితాన్ని ఎవరైనా మూడుసార్లు తిరగేసి చూస్తారు. పొరపాటు దాక్కునేది నచ్చిన ఫలితంలోనే. నిజానికి ఇవి జబ్బు లేనివాళ్ళకూ వర్తించేవే. ప్రమోషన్ కోసం, పేరు కోసం, పాత సిద్ధాంతం నిలబెట్టుకోవడం కోసం ఫలితం ఒకవైపు మొగ్గాలని కోరుకునేవాళ్ళు ప్రతి ల్యాబ్‌లో ఉంటారు. వాళ్ళ మొగ్గు మెడికల్ రిపోర్టులో కనిపించదు, అంతే తేడా.

జబ్బు ఇంటి మనిషి అయినందువల్ల పరిశోధనకు వచ్చే బలం కూడా చెప్పాలి. నాన్సీ వెక్స్‌లర్ తల్లికి హంటింగ్టన్ వ్యాధి, అంటే మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు, ఉందని 1968లో తెలిసింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. సైకాలజీ చదివిన వెక్స్‌లర్, ఆ జబ్బు చాలా ఎక్కువగా ఉన్న వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డు ఊళ్ళకు ఏళ్ళ తరబడి వెళ్ళి కుటుంబాల వంశవృక్షాలు రాశారు, రక్తం నమూనాలు సేకరించారు. మా అమ్మకూ ఇదే జబ్బు అని వాళ్ళతో చెప్పేవారు. తన చేతి మీద చర్మం ముక్క తీసిన మచ్చ చూపించేవారు. అది చూశాక వాళ్ళకు నమ్మకం కుదిరింది. ఆ నమూనాల సాయంతోనే 1983లో జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని గుర్తుపట్టారు, 1993లో జన్యువే దొరికింది. ఈ పనిలో ఎన్నో ల్యాబ్‌లు పాలుపంచుకున్నాయి. ప్రయోగశాలలో జన్యువును వెతికిన చేతులు వేరు, వెనిజులా వెళ్ళిన కాళ్ళు వేరు. అలా పంచుకోవడంలోనే మీ సీనియర్ అనుమానానికి సమాధానం ఉంది.

రక్తం ఇవ్వడం గురించి. ఇవ్వకండి. కనీసం ఇప్పుడు, ఈ దారిలో వద్దు.

పరిశోధనకు రక్తం ఇచ్చే రోగి ఎవరైనా ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో, సంతకం పెట్టి ఇవ్వాలి. మీరు నిశ్శబ్దంగా ఒక ట్యూబు కలిపేస్తే అది ఆ పద్ధతికి బయట ఉంటుంది, రేపు ఆ డేటా మొత్తం మీద మచ్చ పడుతుంది. పైగా చిన్న ల్యాబ్‌లో 28 ఏళ్ళ స్త్రీ, తొమ్మిదేళ్ళుగా జబ్బు, ఫలానా మందులు అని ఒక వరుస కనిపిస్తే అది ఎవరో కనిపెట్టడానికి ఎంతసేపు? మీ జన్యువులు చదివితే మీ అమ్మ గురించీ, తోబుట్టువుల గురించీ కూడా విషయాలు బయటపడతాయి, వాళ్ళనెవరూ అడగలేదు. ఆ ఫలితాన్ని కంప్యూటర్ మీద మొదట చూసేది మీరే. పక్కన డాక్టర్ ఉండరు.

ఇంతకన్నా దగ్గరలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి మీరు ఆలోచించి ఉండరు. చాలా ల్యాబ్‌లలో ఆరోగ్యవంతుల నమూనా తక్కువైతే అక్కడ పనిచేసే పిల్లలనే "ఓ ట్యూబ్ ఇస్తావా" అని అడుగుతారు. జబ్బు దాచిన మీరు మొహమాటానికి పోయి చేయి చాపితే, లూపస్ ఉన్న రక్తం ఆరోగ్యవంతుల లెక్కలోకి పోతుంది. అలా అడిగిన రోజు "నేను ఇవ్వను" అంటే చాలు. ఎందుకు అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

తమ రక్తంతోనే పనిచేసిన వాళ్ళు లేరా అంటే ఉన్నారు. డేవిడ్ ఫేగెన్‌బామ్‌కు 2010లో, మెడిసిన్ చదువుతుండగా, క్యాసిల్‌మన్ వ్యాధిలో (రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే ఒక అరుదైన జబ్బు) తీవ్రమైన రకం వచ్చింది. కొన్నేళ్ళలో ఐదుసార్లు చావు అంచు దాకా వెళ్ళారు. ఆ జబ్బుకని ఉన్న మందు పనిచేయలేదు. భద్రపరిచిన తన రక్తం నమూనాలను పరీక్షించి, ఎంటార్ అనే సంకేత వ్యవస్థ అతిగా పనిచేస్తోందని గుర్తించారు. అవయవ మార్పిడి రోగులకు ఎప్పటినుంచో ఇస్తున్న సిరోలిమస్ 2014లో మొదలుపెట్టారు. జబ్బు అణిగింది. ఈ కథ వింటే ఎవరికైనా రక్తం ఉప్పొంగుతుంది. అయితే ఆయనకు అప్పుడు వేరే దారి లేదు, నిర్ణయంలో ఆయన డాక్టర్లు ఉన్నారు. తర్వాత అదే మందు ఇతర రోగులకు ఇస్తే కొందరికి పనిచేసింది, అందరికీ కాదు. మీకు పనిచేసే మందులు ఉన్నాయి. ఆయన ఉన్న అంచున మీరు లేరు, ఆ తొందర మీకు అక్కర్లేదు.

రాల్ఫ్ స్టైన్‌మన్ సంగతి ఇంకా మనసును పట్టేస్తుంది. రోగనిరోధక వ్యవస్థలో డెండ్రైటిక్ కణాలను, అంటే శత్రువు ఎవరో మిగతా కణాలకు చూపించే కణాలను, కనిపెట్టినవాడు. 2007లో ఆయనకే పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చింది. సహచరులతో కలిసి, అనుమతులు తీసుకుని, తను కనిపెట్టిన కణాలతోనే తయారుచేసిన టీకాలు తన మీద ప్రయత్నించారు. నాలుగేళ్ళకు పైగా బతికారు, ఆ రకం క్యాన్సర్‌కు అది ఎక్కువే. 2011 సెప్టెంబర్ 30న పోయారు. మూడు రోజుల తర్వాత నోబెల్ ప్రకటించారు, పోయిన సంగతి కమిటీకి తెలియక. ఆ టీకా ఆయన్ని బతికించిందా, కీమోనా, కణితి స్వభావమే అంతా? ఒక్క మనిషితో అది తేలదు. ఆ శాస్త్రం ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆయన ఒంట్లో కూడా తేలలేదు. మీ ఒక్క ట్యూబుతోనూ తేలదు.

మీరు రోగిగా పరిశోధనకు సాయపడాలనుకుంటే, మీకు వైద్యం జరిగే చోట, మీ ల్యాబ్‌తో సంబంధం లేని అధ్యయనంలో చేరండి. అక్కడ మీరు రోగి మాత్రమే.

మరి గైడ్‌కు చెప్పాలా? ఇందులో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉన్నాయి. "నాకు ఆరోగ్య సమస్య ఉంది, యూవీ పని, కొన్ని రకాల నమూనాల పని చేయకూడదు, ఒక్కోసారి హఠాత్తుగా సెలవు కావాల్సి వస్తుంది" అన్నది ఒక మాట. ఇది ఈ నెలలోనే చెప్పండి, వీలైతే డాక్టర్ రాసిచ్చిన కాగితంతో. జబ్బు పేరు లేకుండానే చెప్పొచ్చు. వైరల్ జ్వరం అబద్ధం ఒకసారి పనిచేస్తుంది, నాలుగోసారి మీ మీద నమ్మకాన్ని తింటుంది. "నాకున్నది లూపస్" అన్నది రెండో మాట. అది మీ సొత్తు. ఎప్పుడు, ఎవరికి అన్నది మీ ఇష్టం. ఒక్క మినహాయింపు ఉంది. మీ జబ్బు మీ పరిశోధన నిర్ణయాన్ని ముట్టుకునే రోజు వస్తే, అంటే మీరు వాడే మందు మీదే పేపర్ రాయాల్సి వస్తే, గైడ్‌కైనా తెలియాలి.

వెక్స్‌లర్ తన తల్లి జబ్బు గురించి ఊరూరా చెప్పారు. తన సొంత సంగతి మాత్రం దశాబ్దాలపాటు తనలోనే ఉంచుకున్నారు. తనకూ ఆ జబ్బు ఉందని 2020లో, 74 ఏళ్ళప్పుడు బహిరంగంగా చెప్పారు. ఆత్మహత్య ఆలోచనలతో నలిగిపోయేవాళ్ళ కోసం డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సను రూపొందించిన మార్షా లైనహన్, తాను 17 ఏళ్ళ వయసులో అదే బాధతో ఆసుపత్రిలో ఉన్నానని 2011లో చెప్పారు. చెప్పింది ఆ ఆసుపత్రిలోనే. అప్పటికి ఆ చికిత్స పనిచేస్తుందని రుజువై ఎన్నో ఏళ్ళయింది. వీళ్ళు పిరికివాళ్ళని ఎవరైనా అనగలరా? మీరూ థీసిస్ పూర్తయ్యాక చెప్పొచ్చు, పదేళ్ళకు చెప్పొచ్చు, అసలు చెప్పకపోవచ్చు.

రాత్రుళ్ళ గురించి. నిద్ర లేకపోవడం స్టెరాయిడ్ వల్ల కూడా వస్తుంది, జబ్బు తిరగబెట్టినప్పుడూ వస్తుంది. కాబట్టి దాన్ని మనోబలం లెక్కలో వేసుకోకుండా ముందు డాక్టర్‌కి చెప్పండి. పేపర్ల విషయంలో స్టీఫెన్ జే గౌల్డ్ చేసింది మీకు పనికొస్తుంది. 1982లో, 40 ఏళ్ళప్పుడు, ఆయనకు పొట్ట లోపలి పొరకు వచ్చే మెసోథీలియోమా క్యాన్సర్ బయటపడింది. లైబ్రరీకి వెళ్ళి చూస్తే, కనుక్కున్నాక రోగులు బతికే కాలపు మధ్యస్థం ఎనిమిది నెలలని ఉంది. ఆయన శిలాజాల మీద, పరిణామం మీద పనిచేసిన మనిషి, లెక్కలంటే భయం లేదు. మధ్యస్థం అంటే సగంమంది అంతకన్నా ఎక్కువ బతికినట్టే కదా, ఆ ఎక్కువ వైపు ఎంత దూరం పోతుంది అని చూశారు. అది చాలా పొడవుగా సాగే తోక. తన వయసు, తొందరగా బయటపడటం, మంచి వైద్యం చూసుకుని, తాను ఆ తోకలో ఉండే అవకాశం బాగానే ఉందనుకున్నారు. ఇంకా ఇరవై ఏళ్ళు బతికారు.

మీ పేపర్లను అలా చదవండి. ఆ రోగులకు జబ్బు ఏ సంవత్సరంలో కనుక్కున్నారో ముందు చూడండి. 1950ల్లో లూపస్ ఉన్నవాళ్ళలో ఐదేళ్ళు దాటినవాళ్ళు దాదాపు సగమే. ఇప్పుడు మంచి వైద్యం అందే చోట 90 శాతానికి పైనే. పెద్ద ఆసుపత్రుల్లోంచి వచ్చే పేపర్లలో జబ్బు ముదిరినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు, తేలిగ్గా ఉన్నవాళ్ళు అంత దూరం వెళ్ళరు కాబట్టి. ఇక మీ కిడ్నీల సంగతి ఏ పేపరూ చెప్పదు, మీ మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చెబుతుంది. చివరిసారి ఎప్పుడు చేయించారు? లూపస్‌కు ఇచ్చే, కంటి మీద ప్రభావం చూపగల హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతుంటే కంటి పరీక్ష ఈ ఏడాది అయిందా? జబ్బు మీద ఇంత చదివేవాళ్ళు సొంత పరీక్షలు వాయిదా వేయడం నేను చాలామందిలో చూశాను. చీకటి పడ్డాక కిడ్నీ పేపర్లు తెరవకండి. అవి పొద్దున, ల్యాబ్‌లో, పక్కన మనుషులు ఉన్నప్పుడు చదవాల్సినవి. ఒంటి సంగతులు రాసుకునే నోటుబుక్కు ల్యాబ్ నోటుబుక్కుతో కలపకండి. చార్లెస్ డార్విన్ 1849 నుంచి 1855 దాకా తన అనారోగ్యానికి విడిగా ఒక డైరీ పెట్టుకుని రోజువారీగా రాశారు. పరిశోధన రాతలు వేరే.

చివరగా మీ అమ్మగారి మాట. అది గర్వంలా వినిపిస్తుంది, కానీ అందులో భయమే ఎక్కువ ఉందని నాకు అనిపిస్తోంది. మీ జబ్బు ముందు ఆమె చేయగలిగింది ఏమీ లేక, మీరు చేస్తారని నమ్ముతోంది. ఆ బరువు మీ మీద ఎలా పడుతుందో ఆమెకు తెలియదు.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఆమెకు చెప్పండి. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. అది పేగులు ఆహారాన్ని పీల్చుకోలేని జబ్బు, మనిషిని పాలిపోయేలా చేసి నీరసింపజేస్తుంది. అదే జబ్బు ఆయనకూ వచ్చి తగ్గింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, 1945లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది చక్కగా పనిచేసింది. సోదరులకు అందలేదు. కానీ ఆ పదార్థం మీద సాగిన పనిలోంచే, దాన్ని అడ్డుకునే మందులు వచ్చాయి, వాటితోనే పిల్లల లుకేమియాకు కీమో చికిత్స మొదలైంది. ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ లూపస్‌లో కీళ్ళ నొప్పులకు కూడా ఇస్తున్నారు. బహుశా మీరూ ఎప్పుడో వాడే ఉంటారు.

మీ అమ్మతో ఇంత చెప్పండి: "నేను వెతుకుతున్నది ఆ జబ్బులో ఒక చిన్న ముక్క అమ్మా. నాతో పాటు చాలామంది వెతుకుతున్నారు. నాకు మందు ఇచ్చేది మా డాక్టర్. వచ్చే వారం కంటి పరీక్ష ఉంది, నువ్వూ నాతో రా."